ఆటలాడు అక్షరములు

రేడియోలో పనిచేయువారికి అక్షరముతో సంబంధము తక్కువ యని కొందరి అభిప్రాయము. మేము పలికెడివారము. మా మాట గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోవును. అట్టి మేము నేడు అక్షరముల ఆకారమును గురించి మాట్లాడబూనుట, రంగవల్లిని చెవిలో వేసి చూపించెదమనుట వంటిది. అయినను సాహసించుచున్నాము. అందుకు కారణమొకటి కలదు. గొంతును గురించి మాకు కొంత తెలియును. అక్షరమునకును గొంతున్నదని మా నమ్మకము.

ఈ మాట నిజమో కాదో మీరు కూర్చున్న యింటిలోనే పరీక్షింపవచ్చును. గోడమీద కాలెండరు ఉండును. బల్లమీద ఆనాటి దినపత్రిక ఉండును. పుస్తకముల నడుమ ఎవరిదో శుభలేఖ యొకటి దాగియుండును. వంటయింటిలో ఏ పచ్చడి సీసాయో, కారపు పొడి పొట్లమో ఉండును. ఈ నాలుగింటిమీదను ఉన్నవి తెలుగక్షరములే. అన్నిటను అదే అకారము, అదే కకారము. అయినను నాలుగును నాలుగు తీరులుగా పలుకుచున్నవి. పత్రికలోని అక్షరము కుదురుగా కూర్చుండి సంగతి చెప్పును. కాలెండరులోని అక్షరము తిథివారములను ముక్తసరిగా వప్పగించును. శుభలేఖలోని అక్షరము గుమ్మములో నిలిచి రమ్మని పిలుచును. పచ్చడి సీసామీది అక్షరమో, నోరూరించుటకే పుట్టినట్లుండును.

మా వృత్తిలో ఇది నిత్యానుభవము. వార్తలు చదువునప్పటి గొంతు వేరు. పిల్లల కార్యక్రమములో కుందేలు కథ చెప్పునప్పటి గొంతు వేరు. మనిషి యొక్కరే కావచ్చును, భాష యొక్కటే, కూర్చున్న స్టూడియో కూడ ఒక్కటే. కుందేలు గొంతుతో తుపాను హెచ్చరిక చదివినచో వినువారు నవ్వుదురు, లేదా కోపింతురు. ఏమైనను తుపాను సంగతి మాత్రము వారి చెవిని పడదు. తుపాను గొంతుతో కుందేలు కథ చెప్పినచో పిల్లలు నిద్రపోవుదురు.

అక్షరములలో స్థూలముగా రెండు తెగలు కలవు. చదివించుటకు పుట్టినవి కొన్ని. పిలుచుటకు పుట్టినవి కొన్ని. చదివించు అక్షరము తన యునికిని తెలియనీయరాదు. పుస్తకము చదువుచున్నంతసేపు కథయే కనబడవలెను గాని అక్షరము కనబడరాదు. పిలుచు అక్షరము సంగతి వేరు. అది ముందు తాను కనబడి, పిదప మాటను వినిపించును. శీర్షికలకు, గోడపత్రికలకు, ఆహ్వానములకు వాడునవి ఈ రెండవ తెగవి. వీనిలో మరల ఒక చిలిపి శాఖ కలదు. చేతితో వ్రాసినట్లుండి, ఒక్క గీత మీద నిలువక, తలకట్టును కొంచెము వాల్చి, వత్తును కొంచెము విదిలించి, నవ్వుచు నడచునట్టి అక్షరములు. నేటి మా ప్రసంగమునకు వస్తువు అవియే.

ఈ చిలిపితనము కంప్యూటరుతో పుట్టినది కాదు. చేతితో పుట్టినది. 1990 ప్రాంతమున, మా చిన్నతనములో, మేము బడికి పోవు దారిలో ఒక మిఠాయి దుకాణమునకు క్రొత్త బోర్డు వ్రాయుచుండగా రెండు దినములు నిలబడి చూచితిమి. పెయింటరు సుద్దపొడి పూసిన దారమును రేకుమీద బిగబట్టి టప్పున వదలెను. గీత పడెను. సుద్దముక్కతో అక్షరముల జాడలు గీసికొనెను. ఎడమచేత ఒక కఱ్ఱను రేకున కానించి, దానిపై కుడి మణికట్టు మోపి, కుంచెను నింపాదిగా నడపెను. "మిఠాయి" యను మాటలో ఠకారమును లడ్డువలె గుండ్రముగా తీర్చెను. దాని నడుమ ఉండవలసిన చుక్కను జీడిపప్పువలె పెట్టెను. మకారము మీది గుడిని సాగదీసి ఆ లడ్డుకు గొడుగు పట్టించెను. చూచుచున్న పిల్లలందరును నవ్విరి. దుకాణదారుడును నవ్వెను. ఆ బోర్డు క్రింద ఏమి అమ్ముదురో చదువురానివానికి కూడ తెలిసిపోయెడిది.

పత్రికలలోను అట్లే జరిగెడిది. సీసపు అక్షరములతో అచ్చువేయు దినములలో అచ్చాఫీసున ఉండు పెద్ద అక్షరముల తీరులు కొలది. కథకొక ముఖము కావలెనన్నచో చిత్రకారుడే నల్లసిరాతో శీర్షికను వ్రాయవలెను. దానిని జింకు రేకుమీదికి ఎక్కించి బ్లాకు చేయించెడివారు. దయ్యము కథకు వణకు అక్షరములు, సరసపు కథకు వయ్యారి అక్షరములు, పిల్లల కథకు గంతులిడు అక్షరములు. సినిమా పేర్లును, నవలల అట్టలును చేతివ్రాతలతోనే వెలసినవి.

ఈ చేతివ్రాతలలో తెలుగువారందరు గుర్తుపట్టునది బాపుగారిది. 1933లో నరసాపురమున పుట్టి, 2014లో చెన్నైలో కన్నుమూసిన ఆ మహానుభావుడు బొమ్మలు వేసెను, సినిమాలు తీసెను. అన్నింటితోపాటు తెలుగక్షరమునకు ఒక నడక నేర్పెను. ఆయన వ్రాసిన శీర్షిక క్రింద సంతకము లేకపోయినను ఎవరిదో తెలిసెడిది. తరువాతి కాలమున ఆ వ్రాతయే కంప్యూటరు అక్షరముగా మారి, బాపు ఫాంటు అను పేర వాడుకలోనికి వచ్చినది. నేడు ఏ యూరిలో శుభలేఖల దుకాణమునకు పోయినను ఆ పేరు చెప్పినచో చాలును. ఒక మనిషి చేతివ్రాత ఆయనను ఎన్నడును చూడని వేలకొలది యిండ్లలో పెండ్లి పిలుపు పిలుచుచున్నది.

ఇక్కడ "ఫాంటు" అను మాట వచ్చినది. కొందరు దీనిని "ఖతి" యనుచున్నారు. ఒక్క తీరున తీర్చిన అక్షరముల సంపూర్ణ కుటుంబమని దీని యర్థము. చేతివ్రాతను ఫాంటుగా మార్చుటలో ఉన్న చిక్కు ఏమిటో చెప్పవలెనన్నచో మరల మా మిఠాయి దుకాణమునకు పోవలెను.

ఆ పెయింటరు వ్రాసిన ఠకారము "మిఠాయి" కొరకే పుట్టినది. దానికి కుడివైపున ఏమున్నదో, ఎడమవైపున ఏమున్నదో, క్రింద ఏమి అమ్ముదురో ఆయనకు తెలియును. కావుననే లడ్డు చేయగలిగెను. ఫాంటును తీర్చువానికి ఆ భాగ్యము లేదు. అతడు చేసిన ఠకారము రేపు "మిఠాయి"లో కూర్చుండునో, "పాఠశాల"లో కూర్చుండునో, "కఠిన శిక్ష"లో కూర్చుండునో అతనికి తెలియదు. అది అన్ని యిరుగుపొరుగులతోను సర్దుకొనవలెను. కావున ఫాంటులోని చిలిపితనము కొలత పెట్టిన చిలిపితనము. అటలాడుచున్నట్లు కనబడవలెను గాని, ఎవరి కాలును తొక్కరాదు.

తెలుగులో ఈ సర్దుబాటు మరింత కష్టము. ఇంగ్లీషు అక్షరములు ఒకదాని ప్రక్కన ఒకటి వరుసగా నిలుచును. మన అక్షరములు ప్రక్కలకే గాక పైకి, క్రిందికి కూడ పెరుగును. పైన తలకట్టు, గుడి, ఏత్వము, ఓత్వము. ప్రక్కన కొమ్ము. క్రింద వత్తు. "రాష్ట్రము" అను మాటలో షకారము క్రింద టవత్తు, దానితో రవత్తు కూడి వచ్చును. "శాస్త్రి" గారి పేరులోను ఇట్టి యంతస్తులే. యూనికోడు అను అంతర్జాతీయ సంకేత పద్ధతిలో 1991లో తెలుగునకు చోటు లభించినది. అందు మన లిపికి కేటాయించిన గదులు 128. కాని ఫాంటును తీర్చువాడు ఆ గదులలోని అక్షరములను మాత్రమే గీసి చేతులు కడుగుకొనలేడు. గుణింతముల రూపములు, వత్తుల రూపములు విడివిడిగా గీయవలెను. ఏ హల్లు క్రింద ఏ వత్తు ఎంత దూరమున కూర్చుండవలెనో నియమములు వ్రాసి ఫాంటులోనే పొందుపరుపవలెను. అక్షరమునకు ఇరువైపుల ఎంత ఖాళీ విడువవలెనో నిర్ణయింపవలెను. తెరమీద మనము "శాస్త్రి" యని కొట్టునప్పుడు రెప్పపాటులో ఆ నియమములన్నియు పనిచేసి అక్షరమును కట్టి యిచ్చును.

చిలిపి అక్షరమునకు మరియొక గండము కూడ కలదు. తెలుగులో చిన్న గీత పెద్ద పని చేయును. పకారమునకు తలకట్టు విడిగా నిలుచును, వకారమునకు అంటుకొని యుండును. ఆ సందు పూడినచో "పంటల పండుగ" కాస్త "వంటల పండుగ" యగును. దకారమునకు అడుగున గీత చేర్చినచో ధకారము. ఆ గీత మాయమైనచో "ధార" అనునది "దార" యగును. ధార యనగా నీటి ధార, దార యనగా భార్య. "భావి పౌరులు" అని బడి వార్షికోత్సవమునకు బానరు కట్టి, భకారము అడుగు గీతను అలంకారముగా భావించి లోపలికి మడిచినచో, పిల్లలందరును "బావి పౌరులు" అగుదురు. బావిలో ఉండు పౌరులెవరో మీకు తెలియును. కావున చిలిపి అక్షరమును తీర్చువాడు దేనితో ఆడుకొనవచ్చునో, దేనితో ఆడుకొనరాదో బాగుగా ఎఱిగియుండవలెను. తలకట్టును వాల్చవచ్చును, అంటించరాదు. గీతను వంచవచ్చును, మ్రింగరాదు.

ఇట్టి అక్షరకుటుంబములలో ఒకదానిని ఉదాహరణముగా తీసికొందము. దాని పేరు "లక్కిరెడ్డి". 2013లో దర్భా అప్పాజీ అంబరీష గారు దీనిని తీర్చినారు. కాలిఫోర్నియాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర దీనిని లోకమునకు ఉచితముగా అందించినది. చేతివ్రాత చాయలో, ఆటలాడు తీరున నడచు ఈ ఫాంటును శీర్షికల కొరకు, గోడపత్రికల కొరకు, అలంకారపు ఆహ్వానపత్రికల కొరకు ఉద్దేశించినారు. దీని తోబుట్టువులు పెక్కు కలవు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సూరన్న, గిడుగు, గురజాడ, సురవరము. పేర్లు వినిన కవిసభ కొలువుతీరినట్లున్నది. వీనిలో మండలి వెంకటకృష్ణారావుగారి పేర వెలసిన "మండలి" ఫాంటు వార్తాపత్రికల చదువు కొరకు ఉద్దేశించినది. అనగా ఒకే యింటిలో వార్తలు చదువు గొంతును ఉన్నది, కుందేలు కథ చెప్పు గొంతును ఉన్నది.

"ఉచితము" అను మాటను ఇక్కడ కొంచెము విప్పి చెప్పవలెను. ఎస్.ఐ.ఎల్. ఓపెన్ ఫాంట్ లైసెన్సు అను ఒప్పందము క్రింద దీనిని విడుదల చేసినారు. దాని ప్రకారము ఈ అక్షరములను ఎవరైనను తమ పనికి వాడుకొనవచ్చును. లాభమునకు చేయు పనికి కూడ వాడవచ్చును. మార్పులు చేసికొని పదిమందికి పంచవచ్చును. ఫాంటును మాత్రము ఒంటిగా వెలకట్టి అమ్మరాదు. పల్లెటూరి బడిలో పంతులుగారు వార్షికోత్సవపు ఆహ్వానము తయారుచేయునప్పుడు ఎవరి అనుమతికిని ఎదురుచూడనక్కరలేదు, ఎవరికిని రుసుము చెల్లింపనక్కరలేదు. యూనికోడు పద్ధతిలో ఉన్నందున వ్రాసినది ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు పోయినప్పుడు చెడదు. వెనుకటి ఫాంట్లలో వ్రాసిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో పిచ్చిగీతలై కనబడెడిది. ఆ బాధ పడినవారికి ఈ సుఖము విలువ తెలియును.

ఇక వాడుక సంగతి. చిలిపి అక్షరము ఎక్కడ రాణించును? మాటలు కొలదిగా ఉండి, అక్షరము పెద్దదిగా ఉండి, సందర్భము సంతోషముదైన చోట రాణించును. పిల్లల పుస్తకపు అట్ట, బారసాల పిలుపు, పుట్టినరోజు పండుగ, సంక్రాంతి ముగ్గుల పోటీ ప్రకటన, బడిలో నాటకము, పచ్చళ్ళ సీసా, ఐస్‌క్రీం బండి. ఇవన్నియు దాని రాజ్యము.

ఒక చిన్న సంగతి చెప్పెదము. మా యింటి చిన్నది ఇంగ్లీషు మాధ్యమపు బడిలో చదువుచున్నది. తెలుగు వాచకము తెరువుమన్నచో దానికి ఎక్కడలేని దాహమును వేయును, ఎక్కడలేని నిద్రయును వచ్చును. ఒకనాడు బొమ్మల పుస్తకమొకటి తెచ్చితిమి. అట్టమీద "ఉడుత" యని చిలిపి అక్షరములలో ఉన్నది. అది చాలసేపు చూచి, "నాన్నా, ఈ ఉ అక్షరమే తోక పైకెత్తుకుని కూర్చుంది" అనెను. పిదప డకారము నడిగెను, తకారము నడిగెను. మేము వాచకముతో ఆరు నెలలలో చేయలేని పని ఆ అట్ట ఒక్క సాయంకాలములో చేసినది. పిల్లలకు అక్షరము మొదట బొమ్మ, తరువాతనే ధ్వని. ఆ బొమ్మ నవ్వినచో వారును నవ్వుదురు. తెలుగు చదువు పిల్లలకు దూరమగుచున్నదని బాధపడువారు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలెనని మా మనవి.

ఎక్కడ రాణింపదు? దీనికి దేశాంతరపు కథ యొకటి ప్రసిద్ధముగా ఉన్నది. 1994లో మైక్రోసాఫ్ట్ సంస్థలో విన్సెంట్ కొనేర్ అను కళాకారుడు ఒక కంప్యూటరు కార్యక్రమమును చూచెను. అందులో బొమ్మకుక్క యొకటి మాట్లాడుచున్నది. దాని మాటలు మాత్రము దినపత్రికలోవలె గంభీరమైన టైమ్స్ న్యూ రోమన్ అక్షరములలో ఉన్నవి. కుక్క నోట వకీలు భాషవలె అది ఆయనకు వింతగా తోచెను. బొమ్మల పుస్తకములలోని చేతివ్రాతను చూచి ఇంగ్లీషులో క్రొత్త అక్షరములు గీసెను. అవియే "కామిక్ శాన్స్" అని పేరొందినవి. కుక్క మాటకు తగిన అక్షరము, పిల్లలకు ప్రియమైన అక్షరము. కాని కంప్యూటర్లతోపాటు అది ఇంటింటికి చేరినందున, జనులు దానిని నోటీసులకు, ఉత్తరములకు, హెచ్చరికలకు కూడ వాడసాగిరి. 2012 జూలై 4వ తేదీన జెనీవా సమీపముననున్న సెర్న్ పరిశోధనాలయములో హిగ్స్ బోసాన్ జాడ తెలిసినదని ప్రకటించినారు. ఆ సభలో ఫాబియోలా జియానొట్టి అను శాస్త్రవేత్త చూపిన పటములలోని వ్రాత కామిక్ శాన్స్‌లోనే ఉన్నది. అంత గొప్ప ఫలితమును వినుచు కొందరు ఆ అక్షరములను గురించి పరిహాసములాడిరి. శాస్త్రమునకు లోపము లేదు, అక్షరమునకును లోపము లేదు. రెంటికిని కలిపిన చోటు కుదరలేదు.

ఇతరుల కథ చెప్పి నవ్వుట సులభము. మా కథయును చెప్పవలెను. 2018లో మా పెదనాన్నగారు కాలము చేసినారు. పెద్దకర్మకు బంధువులను పిలువవలసి యుండెను. పనులు మీద పడియున్నవి. ఒక ముద్రణాలయమునకు ఫోను చేసి సంగతులు చెప్పితిమి. వారు గంటలో కార్డు తయారుచేసి ప్రూఫును మా ఫోనుకు పంపిరి. తేది చూచితిమి. స్థలము చూచితిమి. అక్షరదోషములు లేవు. బాగున్నదని చెప్పితిమి. సాయంకాలమునకు రెండు వందల కార్డులు ఇంటికి వచ్చినవి.

మా పెద్దమ్మగారు వసారాలో కూర్చుండియున్నారు. కండ్లజోడు చేతికందలేదు. కట్టలోనుండి ఒక కార్డును తీసి, చేయి చాచి దూరముగా పట్టుకొని చూచి, "ఎవరి పెళ్ళిరా నాయనా ఇది?" అని అడిగినారు.

అప్పుడు మేము కార్డును మొదటిసారిగా చూచితిమి. అంతకుముందు చదివితిమి గాని చూడలేదు. ముద్రణాలయమువారు తమవద్ద సిద్ధముగా ఉన్న శుభలేఖ నమూనాలోనే మాటలు మార్చి యిచ్చినారు. ముప్పది యేండ్లు బడిపంతులుగా పనిచేసి, ఎవరితోను గట్టిగా నవ్వి యెఱుగని మా పెదనాన్నగారి పేరు, తలకట్టులు ఊపుకొనుచు, వత్తులు విదిలించుచు పెండ్లికుమారుని పేరువలె నాట్యమాడుచున్నది. పెద్దమ్మగారికి ఏమి సమాధానము చెప్పితిమో మాకిప్పుడు జ్ఞాపకము లేదు. ఆ రాత్రియే సాదా అక్షరములతో వేరు కార్డులు వేయించితిమి. డబ్బు పోయినది కొంచెమే. తప్పు ముద్రణాలయమువారిది కొంత, కాని బాగున్నదని చెప్పినవారము మేము. గొంతులను గురించి ఇరువది యేండ్లుగా పనిచేయుచున్న మాకు, ఆ కార్డు ఏ గొంతుతో పలుకుచున్నదో వినబడలేదు. చదువుకొనుటకు జోడు లేని పెద్దమ్మగారికి వినబడినది.

ఆనాటినుండి మా యింట ఏ కార్డు అచ్చువేయించినను కొన్ని సంగతులు చూచుకొనుచున్నాము. శ్రోతలకు కూడ పనికివచ్చునని వానిని చెప్పుచున్నాము.

మొదటిది, చిలిపి అక్షరమును పేరుకో, శీర్షికకో మాత్రమే వాడవలెను. శుభలేఖలో వధూవరుల పేర్లు ఆటలాడవచ్చును. ముహూర్తము, కల్యాణమండపము చిరునామా, ఫోను నంబరు ఆటలాడరాదు. అవి కుదురైన అక్షరములలో ఉండవలెను. ఒకటికిని ఏడుకును భేదము తెలియక ముహూర్తము తప్పిన బంధువు మనలను క్షమింపడు.

రెండవది, పేరులోని వత్తులను వేలుపెట్టి చూడవలెను. "లక్ష్మి", "కృష్ణ", "శాస్త్రి", "స్వరూప" వంటి పేర్లలో వత్తు స్పష్టముగా ఉన్నదా, ప్రక్క అక్షరమును తాకుచున్నదా అని గమనింపవలెను. పవలు, దధలు, బభలు ఉన్నచో మరియొకమారు చూడవలెను. ఇంటిలో ఆ పేరు తెలియనివారిచేత చదివించుట ఉత్తమము. పేరు ముందుగా తెలిసినవాడు తప్పును కూడ సరిగానే చదువును.

మూడవది, పంక్తుల నడుమ చోటు విడువవలెను. ఇంగ్లీషు కార్డునకు చాలిన ఎడము తెలుగు కార్డునకు చాలదు. పై పంక్తిలోని వత్తు క్రింది పంక్తిలోని గుడిని తన్నుచున్నచో రెండును చెడును.

నాలుగవది, ఒక కార్డులో ఒక్క చిలిపి అక్షరకుటుంబమే చాలును. నలుగురు గాయకులు నాలుగు రాగములు ఒక్కమారు ఎత్తుకొన్నచో అది కచేరి కాదని మీకు తెలియును.

ఇంతవరకు ఫాంటు మేలును చెప్పితిమి. అది తీర్చలేని లోటును కూడ చెప్పవలెను. "అమ్మమ్మ" యను మాటను చేతితో వ్రాసి చూడుడు. రెండు మకారములు ఒక్కతీరున రావు. రెండవ మవత్తు మొదటిదానికన్న కొంచెము పెద్దదో, కొంచెము అలసినదో అయియుండును. ఫాంటులో అవి రెండును అచ్చుగ్రుద్దినట్లు ఒక్కటే. చేతివ్రాత వేషము వేసికొన్న యంత్రము ఆ రెండవ మకారమువద్ద పట్టుబడును. కొందరు శ్రద్ధగల కళాకారులు ఒకే అక్షరమునకు రెండు మూడు రూపములు గీసి ఈ లోటును కొంత పూడ్తురు. కాని పూర్తిగా పూడదు.

2000వ సంవత్సరము తరువాత కొలది యేండ్లలో ఫ్లెక్సీలు వచ్చి ఊరూర బోర్డు పెయింటర్ల కుంచెలు ఎండిపోయినవి. కొందరు ఇండ్లకు రంగులు వేయుటకు పోయిరి, కొందరు వేరు పనులు చూచుకొనిరి. మా మిఠాయి దుకాణమునకు కూడ నేడు ఫ్లెక్సీయే ఉన్నది. అక్షరములు తళతళలాడుచున్నవి. ఠకారములో చుక్క యున్నది గాని అది జీడిపప్పు కాదు. దీనికి ఫాంటును నిందించుట న్యాయము కాదు. బోర్డు వ్రాయించుకొనలేనివారికి, చిత్రకారుని పిలిపించుకొనలేనివారికి అది ఒక చక్కని అక్షరమును ఉచితముగా చేతికిచ్చినది. అయినను మీ యూరిలో కుంచె పట్టగలవారు ఇంకను ఎవరైన ఉన్నచో, ఇంటి పేరుపలకకో, దుకాణపు బోర్డుకో వారినొకమారు పిలువుడు. ఫాంటును తీర్చువారు సైతము తమ అక్షరమునకు చాయను వెదకికొనునది అట్టి చేతులలోనే.

చివరకు ఒక్క మనవి. ఈసారి మీ యింటికి శుభలేఖయో, మరి యే పత్రికయో ప్రూఫుగా వచ్చినప్పుడు, వెంటనే చదువకుడు. కండ్లజోడు తీసి ప్రక్కన పెట్టి, మా పెద్దమ్మగారివలె చేయి చాచి దూరముగా పట్టుకొని చూడుడు. మాటలు కనబడవు, గొంతు మాత్రము వినబడును. అది మీరు పలుకదలచిన గొంతే యైనచో, అప్పుడు జోడు పెట్టుకొని తప్పులు దిద్దుడు.